రత్తమ్మ కొంగున ఇంగ్లీషు ‘ఇ’

నేను ఒక సీసపు అక్షరాన్ని. 1966 జూలై పదమూడున, పునుగుల నూనె అంటిన వేళ్ళ మధ్య నుంచి జారిపోయినదాన్ని.

ఇంగ్లీషులో అయిదో అక్షరం ‘ఇ’ని నేను. వేలి కణుపంత పొడవు. తల మీద బియ్యపు గింజంత అక్షరం, అదీ అద్దంలో చూసినట్టు తిరగబడి. చీరాలలో శామ్యూలు గారి ప్రెస్సులో ఉండేదాన్ని. అక్కడి చెక్క అరల్లో పెద్దది మాదే, ఎందుకంటే ఇంగ్లీషు మాటలకు మా అవసరం అంత ఎక్కువ. ఆ గర్వం నాకు కొంచెం ఉండేది.

ఆ పొద్దున శామ్యూలు గారు పునుగులు తిని, చేతులు పంచెకు తుడుచుకునే తీరిక లేక, అలాగే పనికి కూర్చున్నారు. నూలుకు రంగులద్దే బుచ్చిలింగం కొత్తగా సొంత కార్ఖానా తెరుస్తున్నాడు. ఇంగ్లీషులో ఆహ్వానం కార్డులు కావాలన్నాడు. కార్ఖానాకు భార్య పేరే పెట్టాడు, రత్తమ్మ డైయింగ్ వర్క్స్ అని. ఆమె టైఫాయిడ్‌తో మంచం పట్టి, ఇక లేవనని నిశ్చయించుకుని, జావ కూడా మానేసింది. అచ్చులో తన పేరు చూస్తే ధైర్యం వస్తుందని అతని ఆశ.

డైయింగ్ అనే మాటలో పెట్టబోతుండగా నేను జారి శామ్యూలు గారి పంచె మడతలో పడ్డాను. ఆయన గమనించలేదు. ప్రూఫును పైకి చదివి సరిచూసుకోవడం ఆయన అలవాటు. పైకి చదివితే ఏముంది, నేనున్నా లేకున్నా డైయింగే. కాగితం మీద మాత్రం నేనుంటే రంగులద్దడం, లేకపోతే చనిపోవడం.

సాయంత్రం శామ్యూలు గారే కార్డులు తీసుకుని బుచ్చిలింగం ఇంటికి వెళ్ళారు, ఆయన పంచె మడతలో నేనూ చేరాను. సూదిమందు వేయడానికి వచ్చిన కాంపౌండరు ఒక కార్డు తీసి చూసి, గొంతు తగ్గించకుండానే అన్నాడు.

“ఏందయ్యా బుచ్చిలింగం! రత్తమ్మ చచ్చిపోతా ఉందని కార్డులేయించావా?”

బుచ్చిలింగం ముఖం మాడిపోయింది. శామ్యూలు గారు కార్డు లాక్కుని చూసి, రత్తమ్మ మంచం పక్కన చటుక్కున కూర్చున్నారు. ఆ కుదుపుకు నేను నేల మీద పడి టింగుమన్నాను. ఆయన నన్ను తీసి రత్తమ్మ అరచేతిలో పెట్టారు.

“తప్పు నాదేనమ్మా. ఇది జారిపోయింది.”

రత్తమ్మ నన్ను కళ్ళ దగ్గరకు తెచ్చుకుంది. ఆ చెయ్యి జ్వరంతో కాలిపోతోంది. కరిగిన సీసంలోంచి పుట్టినదాన్ని, వేడి నాకు కొత్త కాదు. అయినా అలాంటి వేడి నేనెరగను.

“చావుకీ రంగుకీ మధ్యన ఇంతేనా అయ్యగారూ?”

“ఇంతేనమ్మా. పూర్వం ఆ తేడా కూడా లేదు, రెండిటినీ ఎలాపడితే అలా రాసేవాళ్ళు. ఇంకో మాట ఉంది, కార్ప్స్ అని. ఇప్పుడు దాని చివర ఇది చేరిస్తే శవం, లేకపోతే సైన్యంలో దళం. ఒకప్పుడు చేర్చినా చేర్చకపోయినా ఒళ్ళనే అర్థం. బతికున్న ఒంటిని కూడా అలాగే పిలిచేవాళ్ళు. ఆ అర్థం పోయింది.”

“అయితే ఇది చెడ్డదేనా?”

శామ్యూలు గారు తల అడ్డంగా ఊపారు. “బ్రెత్ అంటే ఊపిరి. దాని చివర దీన్ని పెడితే బ్రీద్. ఊపిరి పీల్చడం.”

ఆ మాట నాకూ తెలియదు. ఎన్నిసార్లు ఆ చివర నిలబడి ఉంటానో! నిలబడ్డ చోట ఏం జరుగుతోందో మాకెవరు చెబుతారు? సీసానికి ఒళ్ళు జలదరించడమంటూ ఉంటే, అదే.

రత్తమ్మ గుప్పిట మూసింది. ఒక్కసారి నిండుగా గాలి పీల్చుకుని, మొగుడి వైపు తిరిగింది.

“దుడ్లిచ్చి మరీ నా చావు అచ్చేయించావంటయ్యా! ఆ కార్డులు పొయ్యిలో పెట్టి, దాని మీద కాస్త జావ కాయి.”

కొత్త కార్డుల్లో నా చోట నా తోబుట్టువొకటి నిలబడింది. నేను రత్తమ్మ కొంగు ముడిలో ఉండిపోయాను. ఎర్రని నూలు, నీలం నూలు ఆరేస్తూ ఆమె చాలా ఏళ్ళు బతికింది. ముడిలో నుంచి ఆమె ఊపిరి వినడమే నా ఉద్యోగం.

ఆమె పోయాక బుచ్చిలింగం ముడి విప్పి, నన్ను రంగు డబ్బాల పక్కన గూట్లో పెట్టాడు. అతనికి చదువు రాదు. అయినా రోజూ పని ముగిశాక నన్ను వేలితో ఒకసారి తడిమి, నిండుగా గాలి పీల్చుకుంటాడు. తర్వాత, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేస్తాడు.