ఐదో రౌండు దాటని బండి

నిఖిత ఆ మాట కోపంగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కోపానికి కోపంతో జవాబు చెప్పడం నాకు బాగా వచ్చు. ఆమె మాత్రం గురువారం పొద్దున బ్యాంకు డ్యూటీకి పోతూ పోతూ మా షెడ్డు ముందు స్కూటీ ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా నెమ్మదిగా చెప్పింది.

"అక్కా, ఏమనుకోకు. ఈ ఆదివారం గూడ బండి ఆగితే హైదరాబాద్ షెడ్డుకు ఇచ్చేస్త. వాళ్లు రేసు బండ్లే చేస్తరట. ఒక్కసారన్న పన్నెండు రౌండ్లు తిరగాలని నాకు గూడ ఉంటది గదా."

"ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే తోలుకపో" అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే ఆ బండి పోతే నా దగ్గర మిగిలేది ట్రాక్టర్లకు ఆయిల్ మార్చే పని, పాత జీపులకు క్లచ్ ప్లేట్లు బిగించే పని. అవి కూడా మా బాపు రాజలింగును చూసి వచ్చేవే. ముప్పై రెండేళ్లు వచ్చినా నిజామాబాద్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ నేను రాజలింగు బిడ్డనే. ఒక్క రేసు ఫారంలో మాత్రం, మెకానిక్ అన్న చోట, సుకన్య అని రాసి ఉంటుంది.

బండి నిఖితదే, రేసులో తోలేదీ ఆమే. తొంభై ఎనిమిది మోడల్ జెన్ కారు. సీట్లు పీకేసి, లోపల ఇనప పైపులు బిగించి, ఇంజన్ మొత్తం విప్పి నేనే మళ్లీ కట్టాను. ఎనిమిది నెలలు పట్టింది. బోధన్ అవతల మూతబడిన ఒక చక్కెర ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు చెరకు లారీలు వరస కట్టిన దాని సిమెంటు యార్డులో ఇప్పుడు ఒక క్లబ్బు వాళ్లు టైర్లు పేర్చి రేసులు పెడుతున్నారు. మార్చిలో మా బండి ఐదో రౌండులో పొగలు కక్కి ఆగింది. ఏప్రిల్‌లోనూ సరిగ్గా ఐదో రౌండులోనే ఆగింది. "ఛాయ్ అయిందా అక్కా?" అని పక్క టెంటు వాళ్లు ఆ ఆవిరిని చూసి వెటకారంగా అడిగితే, చేతిలో ఉన్న పానా విసిరికొట్టకుండా ఆగడానికి నేను పడ్డ కష్టం నాకే తెలుసు.

విసరలేని ఆ పానాకు బదులు నిఖిత మీద మాటలు విసిరాను. రెండుసార్లూ. "మూడో గేరు పడాల్సిన కాడ రెండో గేరు పట్టుకొని గుంజుతున్నవ్. ఇంజన్ కాలక ఏమైతది?" అన్నాను. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. తప్పు తన కాలిదే అని నమ్మింది. అప్పటి నుంచి ప్రాక్టీసులో కూడా మూడో రౌండు రాగానే ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను వేడి చూపించే ముల్లు మీద పెట్టి, మలుపు రాకముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసేది. భయపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసీ ఊరుకున్నాను.

గురువారం మధ్యాహ్నం స్పార్క్ ప్లగ్గులు విప్పాను. నాలుగూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. బాగా మండే ఇంజన్‌లో ప్లగ్గు మొన బిస్కెట్ రంగులో ఉండాలి. తెల్లగా ఉందంటే లోపలికి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పోతోందని లెక్క. అట్లా మండితే ఇంజన్ అతిగా వేడెక్కుతుంది. ఏప్రిల్‌లోనే ఈ ప్లగ్గులు చూడాల్సింది. కాలు తప్పు అని తేల్చేసిన దాన్ని ప్లగ్గులెందుకు విప్పుతాను!

ఇంజన్ నడుస్తుండగా కార్బొరేటర్ కింద చుట్టూ సబ్బు నీళ్లు చిలకరించాను. ఒక మూల నీళ్లు పడగానే ఇంజన్ చప్పుడు మారింది. అక్కడ సందు మూసే గాస్కెట్ చీలి, దొంగగాలి లోపలికి పోతోంది. కొత్త గాస్కెట్ కోసి వేశాను. అది ఒక్కటే కాదు. ఇప్పటి పెట్రోల్లో చెరకు స్పిరిట్ కలుస్తోంది. మామూలు పెట్రోలు కోసం చేసిన ఈ పాత కార్బొరేటర్ రంధ్రం దానికి చాలదు. ఆ రంధ్రం ఉండే జెట్టు మార్చి ఒక సైజు పెద్దది వేశాను. శుక్రవారం పొద్దున్నే బండిని చందూర్ దాకా తోలి, ప్లగ్గులు విప్పి చూస్తే మేలైన బిస్కెట్ రంగు. రోడ్డు పక్కన ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.

తిరుగు దారిలో గట్టిగా తొక్కాను. పది నిమిషాలకు ముల్లు ఎర్ర గీత వైపు ఎక్కడం మొదలుపెట్టింది. మునుపటి కన్నా నెమ్మదిగా ఎక్కింది, అంతే తేడా. నా నవ్వు నాకే చేదైంది.

షెడ్డుకు రాగానే బానెట్ ధడాలున ఎత్తాను. బాపు స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పితో పనిలోకి దిగడం లేదు గానీ, చెవులు మాత్రం బండ్ల కిందే ఉంటాయి.

"ఇంజన్ బంద్ జెయ్యకు," అన్నాడు. "రేడియేటర్ మీద తడిగుడ్డ ఏసి సూడు."

"ఫ్యాన్ తిరుగుతుంది, నీళ్లు నిండుగున్నయి. సూసుడేముంది బాపూ?"

"జర ఏసి సూడరాదు?"

గాలికి బట్ట ఆరకుండా ఫ్యాన్ వైరు పీకి, పాత పంచె ఒకటి తడిపి రేడియేటర్ ముందు భాగం మీద పరిచాను. రెండు నిమిషాలకు అంచుల దగ్గర బట్ట ఎండి ఆవిరైంది. నడిమధ్య మాత్రం, నా రెండు చేతుల వెడల్పున, తడి తడిగానే ఉంది. అంటే అక్కడి గొట్టాల్లో వేడి నీళ్లు తిరగడమే లేదు. సగం రేడియేటర్ అలంకారానికి ఉన్నట్టు.

చల్లారాక విప్పి, పై మూత అతుకు కరిగించి తీసి చూశాను. గొట్టాల నోళ్ల నిండా పచ్చటి ముద్ద, గట్టిపడి ఉంది. వేలితో గీకి వాసన చూశాను. ఇన్నాళ్లూ పొంగి పోయిన నీళ్లు పచ్చగా ఉంటే తుప్పు అనుకున్నాను. అది పసుపు.

మా వైపు ఏ డ్రైవర్‌ను అడిగినా చెబుతాడు. రేడియేటర్ కారుతుంటే చిటికెడు పసుపు వేస్తే చిన్న చిల్లి మూసుకుపోతుంది, ఊరు చేరుకోవచ్చు. ఆ చిట్కా చెరకు లారీల వాళ్లకు నేర్పిందే మా బాపు అని ఆయనే చెప్పుకుంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా రేసు బండిల గూడ నీ పసుపు వైద్యం చేసినవా? మార్చి సంది నేను గీ బండితోని సచ్చిపోతున్న బాపూ! నీకు నవ్వులాటగుందా?"

రోడ్డు మీద ఆటోవాళ్లు కూడా తిరిగి చూశారు. బాపు పేపరు మడిచాడు.

"నేనెయ్యలే బిడ్డా," అన్నాడు. "బండి నిలబెట్టేది మోర్తాడ్ల గదా. భూమన్నకు ఫోన్ జెయ్."

భూమన్న నిఖిత తండ్రి, పసుపు రైతు. బండి మోర్తాడ్ ఊళ్లో ఆయన కొట్టంలోనే ఉంటుంది. పని ఉన్నప్పుడు ఆయనే తోలుకొచ్చి ఇస్తాడు. ఫోన్ చేసి, గొంతులో కోపం దాచుకునే ప్రయత్నం కూడా చేయకుండా అడిగాను.

"కాకా, రేడియేటర్ల పసుపు నువ్వేసినవా?"

"ఏసిన బిడ్డా!" ఆయన గొంతులో గర్వం. "ఫిబ్రవరిల. మల్ల ఒక్క సుక్క కారలే సూడు."

"ఎవలు ఎయ్యమన్నరు నిన్ను?"

"నువ్వే గదా? బండి తోలుకొస్తుంటే నీళ్లు కారుతున్నయని ఫోన్ జేసిన. నువ్వు ఏదో జీపు కింద ఉన్ననన్నవ్. 'గింత పసుపేసి తోలుకరా కాకా, వచ్చినంక నేను సూస్త' అన్నవ్. ఆపాటికి పసుపు ఆరబోసి ఉండె. రెండు దోసిళ్లు ఏసిన. మా పసుపే, కల్తీ లేనిది."

నేను చెప్పిన 'గింత' రెండు వేళ్ల మధ్య పట్టేంత. పుట్ల లెక్కన పసుపు పండించే మనిషికి గింత అంటే రెండు దోసిళ్లు. ఆయన తప్పేముంది? వచ్చాక చూస్తానన్నది నేను. బండి వచ్చింది, కారడం లేదు, చూడలేదు. ఆ ఫోన్ సంగతే మరిచిపోయాను. ఒక మాట చెప్పి వదిలేసి, ఇన్నాళ్లూ ఆ పిల్ల కాలును తప్పుపట్టాను.

"ఏమైంది బిడ్డా, తప్పయిందా?" అన్నాడు భూమన్న.

"నీది గాదు కాకా," అని పెట్టేశాను. తరువాత బాపు వైపు చూడటానికి చాలాసేపు ధైర్యం చాలలేదు. ఆయన మోకాళ్లు పట్టుకుని లేచి, గోడకు వేలాడుతున్న సన్నటి ఇనప పట్టీలు తీసుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం దాకా ఇద్దరం ఒక్కో గొట్టంలో పట్టీ దూర్చి గీకుతూ పోయాం. తొందరపడి పొడిస్తే గొట్టం చిరుగుతుంది, కాబట్టి నా కోపానికి అక్కడ పని లేదు. ఇంజన్ లోపలి దారులన్నీ నీళ్ల ధార పెట్టి, తేట నీళ్లు వచ్చేదాకా కడిగాను. అసలు చిల్లికి బాపు మాటు వేశాడు. మూత అతికించి, కూలెంట్ పోసి, మళ్లీ చందూర్ దాకా పోయి వచ్చాను, రానూపోనూ గట్టిగా తొక్కుతూ. ముల్లు సగం దగ్గర నిలిచి కదల్లేదు.

బండి బాగైంది. ఇక నోరు మూసుకుంటే సరిపోయేది. గాస్కెట్ చీలింది, జెట్టు మార్చాను అని చెప్పొచ్చు, అందులో అబద్ధం లేదు. పసుపు సంగతి చెబితే మాత్రం, ఇట్లాంటి మెకానిక్ చేతికి బండి ఎవరిస్తారు? బోధన్ దాకా దారి పొడుగునా ఇదే ఆలోచన. యార్డులో దిగేసరికి నిఖిత గ్లవ్స్ వేసుకుంటోంది. ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, ఈసారి మూడో గేర్లనే ఉంట," అంది. "ముల్లు లేస్తే వెంటనే కాలు తీస్త. నీ ఇంజన్ ఖరాబ్ చెయ్య."

నీ ఇంజన్ అంది. ఆ మాటతో నాలో ఏదో తెగింది.

"నీ కాలు మంచిదే నిఖితా," అన్నాను. "మొదటి సంది మంచిదే. తప్పు నాది." పసుపు, ఫోను, చూడకుండా వదిలేసింది, మొత్తం చెప్పాను. వాళ్ల నాన్నను అడ్డం పెట్టుకోలేదు.

ఆమె వేసుకుంటున్న గ్లవ్ మళ్లీ తీసేసింది. "రోజూ నన్ను నేనే తిట్టుకున్న," అంది. "నాకు ఇది చేతగాదు కావచ్చని, బండి అమ్మేద్దామని గూడ అనుకున్న. నువ్వు ఇప్పుడు చెప్తున్నవ్."

"అవు. ఇప్పుడన్న చెప్పాలె. లేకపోతే బండి మంచిగున్నా నువ్వు కాలు తీస్తవ్. రేపు బండి హైదరాబాద్ తోలుకపో, నేను అడ్డం రాను. ఈ పన్నెండు రౌండ్లు మాత్రం నీ ఇష్టమొచ్చినట్టు తొక్కు. సరి చేసిన."

ఆమె హెల్మెట్ పెట్టుకుంది.

మొదటి నాలుగు రౌండ్లు నేను లెక్కపెట్టలేదు. ఐదోది లెక్కపెట్టాను. తూకం కాటా దగ్గరి మలుపులో ఆమె ఎప్పుడూ కాలు తీసే చోటు ఒకటి ఉంది. అక్కడ ఇంజన్ మోత తగ్గుతుందని చెవులు రిక్కించి విన్నాను. తగ్గలేదు. మూడో గేరు పడాల్సిన చోట రెండో గేరులోనే గుంజి, ముందున్న బండిని లోపలి వైపు నుంచి దాటేసింది. ఆరు. ఏడు. పక్క టెంటు వాళ్లు ఛాయ్ మాట ఎత్తలేదు. పన్నెండో రౌండు అయ్యాక నాలుగో స్థానంలో గీత దాటింది. కప్పు రాదు, ఫోటో కూడా రాదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బండి నా ముందు ఆగింది. ఇంజన్ బంద్ చేశాక పొగ లేదు, చుక్క నీరు కారలేదు. మెకానిక్‌ను కదా, కిటికీలోంచి తల పెట్టి ముందు అదే అడిగాను.

"చివరి రౌండ్లల్ల ముల్లు ఏడుండె?"

నిఖిత హెల్మెట్ తీసి, చెమట పట్టిన జుట్టు వెనక్కి నెట్టుకుంది.

"చూడలే అక్కా," అంది. "నువ్వు సరి చేసిన అన్నవ్ గదా."