నల్లబడ్డ దూరం

హాలండ్ దేశంలోని హార్లెమ్ ఊళ్ళో బారెంట్ అనే ఆయన పొలాలూ ఇసుక దిబ్బలూ రాగిరేకుల మీద గీసి, కాగితాల మీద అచ్చు వేసేవాడు. గీత ఆయనది. రేకుని ఘాటు నీళ్ళలో ముంచే పని భార్య హిల్లెగొండ్‌ది. ముప్పై ఏళ్ళుగా అంతే. ఇప్పుడాయనకి చూపు మసకేసింది, ఇదే ఆఖరు రేకన్నాడు. అందులో ముందు పెద్ద ఓక్ చెట్టు, దూరంగా దిబ్బ, దిబ్బ మీద చీమంతేసి మనుషులిద్దరు. పెళ్ళికి ముందు ఆయనా హిల్లెగొండూ కూర్చున్నది అక్కడే మరి.

మైనం పూసిన రేకు మీద సూదితో గీస్తే, గీసినచోట రాగి బయటపడుతుంది. దాన్ని ఘాటు నీళ్ళు తింటాయి. ఎక్కువసేపు తింటే అచ్చులో గీత నల్లగా, తక్కువసేపైతే సన్నగా పడుతుంది. దిబ్బకి ఒక్క ప్రార్థన చదివేంతసేపు చాలు. ఆపైన దిబ్బని ఇంక తినకుండా వార్నిష్‌తో మూసేసి, చెట్టు కోసం మళ్ళీ ముంచాలి. గడియారం ఎక్కడిది వాళ్ళకి?

ఆ పొద్దున హిల్లెగొండ్ రేకుని ముంచి, దాని మీద లేచే బుడగల్ని బాతు ఈకతో తుడుస్తూ ప్రార్థన మొదలెట్టింది. ఈక ఆ ఇద్దరి మీదికొచ్చేసరికి మనసు దిబ్బెక్కి కూర్చుంది. ఆవేళ తన టోపీ గాలికెగిరిపోతే ఆయన ముళ్ళకంపల్లో పడి పరిగెత్తడం, గీరుకున్న మోకాళ్ళతో తిరిగి రావడం... తేరుకునేసరికి ప్రార్థన ఎన్నోసారి చదువుతోందో తనకే తెలియలేదు.

రేకు కడిగి చూస్తే దిబ్బంతా లోతుగా తినేసింది.

ఆయనకి కనబడదులే అనుకోవచ్చు. ఆ ఆలోచన రానైతే వచ్చింది. చెయ్యి మాత్రం వెళ్ళి ఆయన భుజం తట్టింది.

"ఏమయ్యా, నీ రేకు పాడుచేశాను. దూరం నల్లబడిపోయింది."

బారెంట్ గీతల మీద గోరు నడిపించి చూశాడు. "ఎన్ని ప్రార్థనలు చదివావే?"

"ఎవరు లెక్కపెట్టారు? ఆ మనుషుల్ని చూస్తూ ఉండిపోయాను."

"ముసలిదానివయ్యావు గానీ బుద్ధి రాలేదు." నవ్వబోయి ఆగాడు. "గీకి పలచన చెయ్యాలంటే చూపుండాలి."

"నన్ను గీకమంటావా?"

"వద్దు, ఆ ఇద్దరూ చెరిగిపోతారు. చెట్టుకి ఇంకా గీతలు వెయ్యి, బాగా నల్లబడనీ. దాని పక్కన దిబ్బ లేతగా అనిపించి తనే వెనక్కి పోతుంది."

"నా జన్మలో గీత గీశానా నేను?"

"నా మేజోళ్ళ చిరుగులు అల్లుతావు కదా, అదే పని. బెరడు ఎటు తిరిగితే గీత అటు తిప్పు. దాని మీద అడ్డంగా ఇంకో వరస."

మధ్యాహ్నం దాకా అల్లింది చెట్టుని. మెడ పట్టేసింది. దిబ్బని వార్నిష్‌తో మూసి, రేకుని మళ్ళీ ముంచి, "ఈసారి నువ్వు చదువు, నన్ను నమ్ముకోకు," అంది. ఆయన పైకే చదివాడు, ఇరవైసార్లు.

అచ్చు తీసిన తడి కాగితాన్ని కిటికీ దగ్గర ముక్కుకానించి చూశాడు.

"చెట్టు వంకరగా ఉందే."

"అది పుట్టడమే వంకర. ఆ మాట వదిలెయ్, దిబ్బ చూడు."

చాలాసేపు చూశాడు. "దూరంగా ఉంది," అన్నాడు మెల్లిగా. "మనల్ని పోల్చుకోగలుగుతున్నాను."

కాగితం ఆమె ఒళ్ళో పెట్టి, "ఇది మనకి. అమ్మడానికి ఇంకోటి తియ్యి," అంటూ ఇంకు గుడ్డ అందించాడు.