కాళ్ళ కింద, రెండోసారి

పొద్దుటి నుంచి ఆంజినమ్మ గుంతలో కాలు పెడుతూనే ఉంది, తిప్పన్న ఆ కాలు పట్టుకుంటూనే ఉన్నాడు, హరినాథ్ "కట్" అంటూనే ఉన్నాడు.

ఆ చెయ్యి మీదే హరినాథ్‌కు అసహ్యం పుట్టింది. హైదరాబాదులో చేయించిన రబ్బరు చెయ్యి అది. ఒక్కొక్క వేలికీ గోరు, గోరు కింద మట్టి, మణికట్టు మీద ఉబ్బిన నరాలు, అన్నీ ఉన్నాయి. తిప్పన్న దాన్ని తొడుక్కుని మగ్గం గుంతలో ఒక మూలకు ఒదిగి కూర్చుంటాడు. ఆంజినమ్మ మగ్గం ముందు కూర్చుని, రెండు కాళ్ళూ గుంతలోకి దించి, తొక్కుడు చెక్క మీద అడుగు వేయగానే చీలమండ పట్టుకుంటాడు. ఆమె అరవాలి. అరుస్తోంది కూడా. బస్సులో ఎవరో కాలు తొక్కితే అరిచినట్టు అరుస్తోంది.

"ఇంగోసారి చేద్దామా హరీ?" అంది ఆంజినమ్మ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఈసారి రోంత గట్టిగా అరుస్తాలే."

"గట్టిగా కాదు చిన్నమ్మా. భయంగా."

"భయంగానే కదప్పా అరిచింది!"

గుంతలోంచి తిప్పన్న తల బయటికి పెట్టాడు. చెమటకు మొహమంతా తడిసిపోయి ఉంది. "అన్నా, ఆయమ్మ భయపడేది అట్లుండనీ. ఈడ నాకు ఊపిరాడక సచ్చేటట్టుండాది. నిజం దయ్యం నేనే అయితా ఇంగ."

అందరూ నవ్వారు. హరినాథ్ నవ్వలేదు. ఆ నవ్వే అతనికి పొద్దుటి నుంచి గుచ్చుకుంటున్నది. ఈ గదిలో, ఈ గుంత ముందు, ఒకప్పుడు ఎవరూ నవ్వలేదు.

పాతికేళ్ళ కిందట ఇదే ధర్మవరంలో, ఇదే ఇంట్లో అతను 'కాళ్ళ కింద' తీశాడు. అప్పుడు అతనికి డబ్బూ లేదు, నటులూ లేరు. వరసకు చిన్నమ్మ అయ్యే ఆంజినమ్మ దగ్గరికి వచ్చి, మగ్గం పని ఫిలిం తీస్తాను, నువ్వు నీ పాటికి నేసుకో అన్నాడు. ఆమె నమ్మింది. తనే గుంతలో దాక్కున్నాడు. ఆమె కాలు దించగానే పట్టుకున్నాడు. ఆ చిత్రంలో రక్తం లేదు, దయ్యం మొహం లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క క్షణం. ఆంజినమ్మ కిందికి చూడలేదు. తలుపు వైపు చూసింది, ఎవరైనా ఉన్నారా అని. నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు. ఆ తర్వాత వచ్చింది అరుపు.

జిల్లా అంతా ఆ అరుపు విన్నది. ధర్మవరంలో ఆడవాళ్ళు గుంతలో కాలు పెట్టే ముందు కట్టెతో తడిమి చూసుకునేవారు. మగ్గమన్నది కంటితో చూడని బెళుగుప్ప పల్లెల్లో కూడా మంచం మీంచి కాళ్ళు వేలాడేసి కూర్చోవడం మానుకున్నారు. హరినాథ్‌కు 'గుంత హరినాథ్' అని పేరు పడిపోయింది. ఆ పేరుతో హైదరాబాదు పోయి, ఆఫీసుల ముందు కూర్చుని, కూర్చుని, వెనక్కు వచ్చి పెళ్ళి వీడియోల దుకాణం పెట్టుకున్నాడు. అన్నేళ్ళలో ఒక ప్రశ్న అతన్ని వదల్లేదు. పెళ్ళికూతురు తలవంచుకున్నప్పుడు, తలంబ్రాలు పోస్తున్నప్పుడు, కెమెరా కంటికి ఆనించుకుని అదే ఆలోచించేవాడు: ఆ భయాన్ని పుట్టించింది తనా, లేక అది తనకు ఊరికే దొరికిందా? దొరికిందే అయితే తను ఎవరూ కాడు. రెండోసారి పుట్టించగలిగితేనే మొదటిది తనదని తేలుతుంది.

ఆ అవకాశం ఇప్పటికి వచ్చింది. ఈ రోజుతో పోతుంది కూడా.

జయచంద్ర గోడకానుకుని ఫోను చూసుకుంటున్నాడు. కదిరిలో పుట్టి, అనంతపురంలో ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి. రెండో భాగానికి పెట్టుబడి అతనిదే. చిన్నప్పుడు కదిరిలో 'కాళ్ళ కింద' చూసి నెల దినాలు పక్క తడిపినానని సిగ్గు లేకుండా అందరికీ చెప్తాడు.

"అన్నా, కోప్పడద్దు," అన్నాడు ఫోను జేబులో పెట్టి. "మనం వదిలిన టీజరుకు కింద ఏం రాస్తాండారో చూసినావా? చెయ్యి కాదంట, మైసూరుపాకంట. నవ్వుతాండారు."

"చూసినా."

"ఈపొద్దు సాయంత్రానికి సీను రాకుంటే హైదరాబాదోళ్ళు కంప్యూటర్లో చేస్తామంటాండారు. చెయ్యి గుంతలోంచి వచ్చి ఇల్లంతా పాకుతాది. వాళ్ళ డైరెక్టరే మిగతాది తీస్తాడు. నీ పేరు ముందు వేస్తాం, మర్యాదగా."

"పాకే చేతికి ఎవడు భయపడతాడు జయచంద్రా?"

"దీనికి మాత్రం ఎవడు భయపడినాడు?" జయచంద్ర గొంతు తగ్గించాడు. "నాకు ఆపొద్దు వచ్చిన భయం కావాలన్నా. అదొక్కటే. మా ఇంట్లో దీపం ఆర్పనీలేదు నేను. మాయమ్మ రాత్రంతా నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని కూసుండె."

ఆ చివరి మాట అంటున్నప్పుడు అతని మొహంలో భయం లేదు, సుఖం ఉంది. హరినాథ్ అది చూశాడు. ఇతనికి కావలసింది సినిమా కాదు. కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్న అమ్మ. దాన్ని తను ఏ కెమెరాతో తీయగలడు? ఊళ్ళో ఎవరిని కదిలించినా ఇంతే. పాత సినిమా మాట ఎత్తితే భయపడిన రోజుల్ని ముద్దుగా తలుచుకుంటారు. ఆ ముద్దుతో తను పోటీపడాలి. ఆ పోటీలో గెలిచినవాడు ఉంటాడా?

అన్నాలవేళ ఆంజినమ్మ అందరికీ మరమరాల ఉగ్గాని పెట్టింది. బయట ఎండకు వీధి తెల్లగా మెరుస్తోంది. పక్క వీధిలో మరమగ్గాల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఈ వీధిలో గుంత మగ్గం మిగిలింది ఈ ఇంట్లోనే. మిగతావాళ్ళు గుంతలు పూడ్చి బండలు పరుచుకున్నారు.

"ఆ సినిమా ఏం పుణ్యమో గానీ," అంది ఆంజినమ్మ, "మీ చిన్నాయన పోయిన దినం కూడా ఒగాయప్ప వచ్చినాడు. శవం ఇంకా ఎత్తలేదు. నా పక్కన కూసోని, అమ్మా ఒక్కసారి అరిచి చూపిస్తావా, మా పిల్లోళ్ళు చూడల్ల అన్నాడు."

నాగేశ్వర, కెమెరా చూసే అతను, ముద్ద గొంతుకడ్డం పడి దగ్గాడు. "నువ్వేం చేసినావమ్మా?"

"ఏం చేస్తా. ఏడ్చే గొంతే కదా, అరిచినా. పోయినాడు."

తిప్పన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. హరినాథ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. తన అరుపు అది, తను పుట్టించిన అరుపు, ఇప్పుడు అడిగినవాళ్ళకల్లా పెట్టే మరమరాల్లా తయారైంది. ఆమె దాన్ని అరగదీసేసింది. లేదా జనం అరగదీశారు. ఏదైతేనేం, ఇంక లోపల ఏమీ మిగల్లేదు.

"నీకు ఆ గుంతను చూస్తే ఇప్పుడు ఏమీ అనిపించదా చిన్నమ్మా?"

"ఏమనిపిస్తాది? నడుం నొస్తాది."

తిన్న తర్వాత నాగేశ్వర లైట్లు మార్చాడు. మగ్గం గుంజకు చిన్న లైటొకటి టేపుతో చుట్టి పెట్టాడు. దాని వెలుగు ఆంజినమ్మ కంట్లో పడుతోందని హరినాథ్ విసుక్కున్నాడు. "తీసేయ్. అంతా తీసేయ్. ఎన్ని లైట్లు పెట్టినా అదే మొహం." నాగేశ్వర సంచిలోంచి కత్తెర తీసి, టేపు కోయడానికి మగ్గం మీదుగా వంగాడు. కత్తెర నోరు తెరుచుకుని, నేస్తున్న చీర పడుగు పోగుల మీదికి వచ్చింది.

సరిగ్గా అప్పుడు ఆంజినమ్మ వంటింట్లోంచి నీళ్ళ చెంబుతో గదిలోకి అడుగు పెట్టింది.

ఆమె కత్తెర వైపు చూడలేదు. వీధి తలుపు వైపు చూసింది. నోరు తెరుచుకుంది. గొంతు రాలేదు. చెంబు కిందపడి దొర్లింది. అప్పుడు వచ్చింది అరుపు, కడుపులో ఎక్కడో తెగినట్టు.

నాగేశ్వర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. జయచంద్ర ముంజేయి ముందుకు చాపి చూసుకుంటున్నాడు, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. "అదే," అన్నాడు గుసగుసగా. "అన్నా, అదే! నాయనా, అదే!"

"కెమెరా?" అన్నాడు హరినాథ్.

నాగేశ్వర తల అడ్డంగా ఊపాడు.

"టేపుకమ్మా," అన్నాడు ఆంజినమ్మతో, కత్తెర పక్కకు తీస్తూ. "టేపు కోద్దామని. నీ పడుగు నేనెందుకు కోస్తా?"

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని గుంత అంచున కూలబడింది. "రెండు నెలల చీరప్పా. ఇంక కొంగు మాత్రమే ఉండాది. నా పానం పోయె."

మళ్ళీ తీద్దామన్నారు. కెమెరా పెట్టి, నాగేశ్వరను కత్తెరతో వంగమన్నారు, ఆమెను చెంబుతో రమ్మన్నారు. వచ్చింది. నోరు తెరిచింది. బస్సులో కాలు తొక్కిన అరుపు.

"రాదు హరీ," అంది ఆమే, చిన్నబోయి. "అప్పుడు కోస్తాడేమో అనుకుంటి. కొయ్యడని ఇప్పుడు తెలిసిపాయె కదా."

హరినాథ్ కత్తెర నాగేశ్వర చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. తెలిసిపోయింది. జబ్బంతా అక్కడే ఉంది. చెయ్యి ఎక్కడుందో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. తెలిసినదానికి భయపడమని పొద్దుటి నుంచి ప్రాధేయపడుతున్నాడు. భయం ఈ ఇల్లు వదిలి పోలేదు. గుంతలోంచి లేచి పడుగు మీద కూర్చుంది, అంతే. దాన్ని తను కనిపెట్టాడు. తనే కనిపెట్టాడు. ఆ మాట అనుకోగానే చాలా ఏళ్ళ తర్వాత అతని ఒంట్లోకి ఏదో వెచ్చగా వచ్చింది.

పడుగు సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. నేసే ఇంట్లో పుట్టినవాడు. ఎక్కిన పడుగును మధ్యలో కొయ్యరు. ఇంట్లో మనిషి పోయినా మగ్గం మీద గుడ్డ కప్పి ఉంచుతారు, దినాలు అయ్యాక ఎవరో ఒకరు కూర్చుని చీర ముగిస్తారు. కోసే మాట కూడా ఎవరూ అనరు. అంత తెలిసినవాడు కాబట్టే, ఎక్కడ కోస్తే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. ఒక్క పాయ చాలు. ఒక్క పాయతో చీర పోదు. పోయినా, ఏం పోయినా, అది తెర మీద ఉంటుంది, చీర కన్నా ఎక్కువ కాలం.

"చిన్నమ్మా, ఇంక అరుపులు వద్దు," అన్నాడు. తన గొంతు అంత మామూలుగా రావడం అతనికే వింతగా ఉంది. "నువ్వు నీ పాటికి నేసుకో. ఊరికే తీస్తాం."

"అట్లనే కానీ. పని అన్నా అయితాది."

ఆమె కూర్చుని కాళ్ళు దించింది. తిప్పన్న అప్పటికే బయటికి వచ్చి రబ్బరు చెయ్యి విప్పి విసనకర్రలా విసురుకుంటున్నాడు. హరినాథ్ నాగేశ్వరకు కళ్ళతో సైగ చేశాడు, ఆమె మొహం మీంచి కెమెరా తిప్పవద్దని. పేక పోగుతో నాడె అటూ ఇటూ పోతోంది. పోగును నొక్కే అచ్చు టక్కుమంటోంది. అతను మగ్గం అవతలి కొసకు, కెమెరాకు కనపడని చోటికి నడిచాడు. పడుగు అక్కడ బిగుతుగా, నెమలిమెడ రంగులో, నీళ్ళలా మెరుస్తోంది. వేలెడు పాయ ఎత్తి కోశాడు.

చప్పుడు చాలా చిన్నది. తెగిన పోగులు ముడుచుకుని వెనక్కు పోయాయి.

ఆంజినమ్మ చేతిలో నాడె ఆగింది. చేతి కింద బిగువు తగ్గడం ఆమెకు ముందు తెలిసింది, కంటికి తర్వాత తెలిసింది. తల ఎత్తింది. ఆమె తలుపు వైపు చూడలేదు. హరినాథ్ వైపు చూసింది. నోరు తెరుచుకోలేదు. కత్తెరను చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. తను తప్ప ఇంకెవరు చేసినా ఆమె అరిచేదని ఆ క్షణంలో అతనికి అర్థమైంది. తన విషయంలో ఆమెకు తెలియనిది ఏదీ మిగల్లేదు.

"నీకు చెప్పి చేసేది ఎప్పుడొస్తాది హరీ?" అంది.

అంతే అంది. మోచేతులు నొక్కిపెట్టి గుంతలోంచి లేచింది. అవతలికి వచ్చి, అతన్ని భుజంతో పక్కకు జరిపి, తెగిన పాయ వేళ్ళతో విడదీసి చూసింది. వేలికొసలు నాలుకకు తడి చేసుకుని ఒక పోగు కొస తీసి, రెండో కొస వెతికి, మెలిపెట్టి ముడి వేసింది. ఇంకొకటి. ఇంకొకటి.

"నాగేశ్వరా, ఆ లైటు ఇట్ల తిప్పు. దేనికీ పనికిరాలేదు కదా పొద్దుట్నుంచి. దీనికన్నా వస్తాది."

నాగేశ్వర తిప్పాడు. కెమెరా తనంతట తాను నడుస్తూనే ఉంది. హరినాథ్ పోయి చిన్న తెరలో చూశాడు. ఖాళీ మగ్గం ఉంది. అంచులో ఎక్కడో ముసలి చేతులు కదులుతున్నాయి. ఇందాకటి ఆమె మొహం వెనక్కు తిప్పి చూశాడు. భయం లేదు. ఎవరినో గుర్తుపట్టినట్టుంది, అంతే. ఆ చూపు తగిలిన మనిషి, తను, తెరలో లేడు. వాడి చెయ్యి కూడా లేదు. ఈ గదిలో నిజంగా భయపడినవాడిని చట్రం బయట నిలబెట్టింది తనే.

జయచంద్ర అతని భుజం మీదుగా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది..." అన్నాడు, మాట వెతుక్కుంటూ. "ఇది ఏడుపొచ్చేటట్టుండాదన్నా. దీన్ని ఏం చేసుకోవాల?" తర్వాత గొంతు మార్చి, "నువ్వు నిజంగా కోస్తావని నేను అనుకోలేదు," అన్నాడు. రెండడుగులు వెనక్కు వేసి వీధిలోకి పోయి ఫోను చెవికి పెట్టుకున్నాడు. "ఆ, కంప్యూటర్‌దే కానీండి. ఆ, పాకనీండి. ఇల్లంతా పాకనీండి."

తిప్పన్న రబ్బరు చేతిని సంచిలో పెడుతూ హరినాథ్ వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

"ముడులన్నీ కొంగులో పడతాయి," అంది ఆంజినమ్మ తనలో తను అనుకుంటున్నట్టు. "పట్టు ఇచ్చిన షావుకారు చూసి అడుగుతాడు." తల ఎత్తకుండా ఎడమచెయ్యి చాపింది. "నిలబడి ఏం చేస్తాండావ్? కిక్కురుమనకుండా ఆ కొసలు ఒకొకటీ అందియ్యి."

హరినాథ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అదేమన్నా పెద్ద పనా అనుకున్నాడు, చిన్నప్పుడు నాయన పక్కన ఎన్నిసార్లు అందించాడో. కానీ పోగులన్నీ ఒకే రంగు, ఒకే సన్నం. ఒకటి పట్టుకుంటే రెండు వచ్చాయి. ఆమె వాటిని అతని వేళ్ళలోంచి లాక్కుని వదిలేసింది.

"ఇది కాదు," అంది. "దాని పక్కది."