పదకొండో రూలు

టీ వడగడుతుంటే నన్ను కమిషనర్ని చేశారు. హాల్లో నలుగురు టీం ఓనర్లు కూర్చుని అరకులో ఆడోళ్ళ కబడ్డీ లీగ్ పెడదామంటున్నారు. పోస్టర్ మీద ఒక ఆడపేరు ఉండాలంట. "మా జయశ్రీ ఉంది కదా, ఖాళీయే" అన్నాడు మా ఆయన కిరణ్. ఆ ఖాళీ మనిషి అప్పటికి పద్దెనిమిది గ్లాసులు కడిగింది. కమిషనరయ్యాక ఇరవై నాలుగు కడుగుతున్నాను. ప్రమోషన్.

రూల్స్ కూడా నన్నే టైప్ చెయ్యమన్నారు. పది రూల్స్ బుద్ధిగా కొట్టాను. పదకొండోది కొంటెగా: మ్యాచ్ నడుస్తుండగా సొంత పని మీద గ్రౌండ్ దాటి వెళ్ళినవాళ్ళు ఎవరైనా లీగ్ నుంచి అవుట్. ఓనర్ల కోసమే రాశాను. లాడ్జి సర్వేశ్వరరావు గారైతే టూరిస్టు బస్సు హారన్ వినపడితే చాలు, అంబులెన్సుకి కూడా దారివ్వకుండా పరిగెడతారు. నలుగురూ చదవకుండా సంతకాలు పెట్టేశారు. నేను వంటింట్లోకెళ్ళి నవ్వుకున్నాను.

సెమీఫైనల్లో బేబి ఆడింది. పై ఊరి గుంట, కాఫీ తోటలో పని. తను కూతకెళ్తే అవతలి ఏడుగురే కాదు, గాలికొండ కూడా రెండడుగులు వెనక్కి జరుగుతుందని నా అనుమానం. ఐదు నెలల పిల్లని వీపున గుడ్డతో కట్టుకొచ్చి, లైను బయట వాళ్ళ వదిన రత్న వీపుకి మార్చి ఆడింది. సగం ఆటలో పిల్ల గుక్కపట్టింది. బేబి రిఫరీకి చెయ్యెత్తి చూపించి, బయటికెళ్ళి పాలిచ్చి, నాలుగు నిమిషాల్లో వచ్చేసింది. వచ్చి మూడు పాయింట్లు తెచ్చింది. గెలిచారు. ఫైనల్ సర్వేశ్వరరావు గారి టీంతో.

మర్నాడు ఆయన కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"పదకొండు సూడమ్మా. నువ్వు రాసిందే. ఆ గుంట అవుట్."

"సరదాకి రాశానండీ. పాపం పిల్ల ఏడ్చింది కదా."

"సరదాకేటి? రూలంటే రూలే. సంటిపిల్లలున్నోలు ఇంటికాడ ఉండాల."

మీరెన్నిసార్లు బయటికెళ్ళారు సార్ అని అప్పుడే అడగాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బేబిని తప్పించే కాగితం సర్వేశ్వరరావు గారు ముందే రాయించుకొచ్చారు. కిరణ్ నా చేతిలో పెన్ను పెట్టాడు. "బేగి పెట్టీ జయా. మన మొబైల్ షాపు సారు బిల్డింగులోనే కదేటి. సంతకానికి బరువేటి?"

నిజమే, బరువేం లేదు. మూడు సెకన్లు పట్టింది.

ఫైనల్ రోజు మైకులో ఆ కాగితం చదివింది కూడా నేనే. బేబి అప్పుడే పిల్లని రత్న వీపుకి మారుస్తోంది. ఆగింది. పిల్లని మళ్ళీ తన వీపుకే కట్టుకుని, గ్రౌండంతా చూస్తుండగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కప్పు సర్వేశ్వరరావు గారికి. ఫొటోలో మధ్యన నేను, ముప్పై రెండు పళ్ళతో.

పెళ్ళైన కొత్తలో జ్వరంతో పడుకుంటే మా అత్త, "పగటిపూట పడకేటమ్మా, నీ పుట్టిల్లనుకున్నావా?" అంది. చుట్టాలందరి ముందూ అంది. ఆ మాట పదేళ్ళుగా నాలో అలాగే ఉంది. అలాంటి మాటే నేను స్పీకర్లు పెట్టించి మరీ అన్నాను.

నాలుగో రోజు జీపెక్కి బేబి ఊరెళ్ళాను. వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. పిల్ల వీపున నిద్రపోతోంది.

"తప్పు నాది బేబీ. ఆ రూలు నీ కోసం రాయలేదు."

చేట ఆగలేదు. "ఒకటడగనా మేడం? పిల్లకి పాలియ్యడం నా సొంత పనా? దీని అయ్యకి సంబంధం లేదా? ఇంకెవులికీ లేదా?"

"ఫైనల్ మళ్ళీ ఆడిస్తాను. వస్తావా?"

"రాను మేడం. అంతమందిలో పంపీసినారు కదా. పిలిస్తే వచ్చీయాలా?"

అడ్డగోలుగా ఏడుపొచ్చింది. ఫోన్ తీసి ఓనర్ల గ్రూపులో కొట్టాను: "ఫైనల్ చెల్లదు. బేబిని తప్పించింది నేను. తప్పు నాది. మళ్ళీ ఆడాలి. కమిషనర్."

షాపు ఖాళీ చెయ్యమంటారని తెలుసు. కిరణ్ ఏమంటాడో తెలుసు. మళ్ళీ ఆడినా బేబి రాదనీ తెలుసు.

అయినా పంపించాను.