పిడుగుకు సిద్ధమైన ఊరు

సోమమ్మ పొద్దున కట్టిన ముల్లెను మధ్యాహ్నం విప్పి మళ్ళీ కట్టింది. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, చింతపండు, గొర్రెల పుండ్లకు రాసే వేపనూనె, టార్చిలైటు, బీపీ గోలీలు. అన్నీ ఉన్నాయి. అయినా ఏదో మరిచిపోయాననే అనిపించింది. లోపలికి పోయి పసుపు పొట్లం ఒకటి కట్టుకొచ్చి పైన దోపింది.

రామచంద్రయ్య గడపలో కూచుని గొంగడి దులుపుతూ పెళ్ళాం వాలకం చూస్తున్నాడు.

"ఇల్లంత ముల్లె గడ్తవా ఏందే? గా పొయ్యి గూడ దోపు. మల్లేశ్ నెత్తిన పెట్టుకుంటడు."

"నవ్వుతవులే. నిరుడు గోలీలు మరిచిపోయి, తల తిర్గి పడితివి."

"గోలి లేక పడ్డనా? కల్లు ఎక్కువై పడ్డ."

వాళ్ళ ఊరు ఆత్మకూర్‌కు ఎగువన, కాలువ నీళ్ళు ఎక్కని మిట్ట మీద ఉంటుంది. ఉగాది దాటితే అక్కడ గొర్రెకు గడ్డిపరక దొరకదు. కాపరులంతా మందలు తోలుకుని నకిరేకల్ వైపు పోతారు. వరి కోసిన పొలాల్లో గొర్రెలు మేస్తాయి. రాత్రి అదే పొలంలో మంద నిలిపితే ఎరువు దొరికిందని అక్కడి రైతులు సంతోషిస్తారు. తొలకరి పడ్డాక కాపరులు తిరిగొస్తారు. రామచంద్రయ్య పెళ్ళికి ముందు నుంచీ ఇలాగే పోతున్నాడు. సోమమ్మ పెళ్ళయిన నాటి నుంచీ ఇలాగే భయపడుతోంది. ఈసారి తోడుగా ఆమె తమ్ముడి కొడుకు మల్లేశ్ బయలుదేరాడు.

"ఇగ పోత," అన్నాడు రామచంద్రయ్య, ఆమెను ఉడికించడానికే.

"పోత అనకు. పోయొస్త అను."

"పోయొస్త. రాకుంటే గీ ముల్లె ఎవరు విప్పాలె?"

సాగనంపడం ఆమెకు చేతకాదు. వాకిట్లోనే నిలబడి, మంద లేపిన దుమ్ము అణిగేదాకా చూసి, లోపలికి పోయి చెరిగిన బియ్యమే మళ్ళీ చెరిగింది.

ఊళ్ళో ఉన్న కాపరులంతా అలా వెళ్ళిపోయాక, గొర్రెల కాపరులకు పిడుగుల మీద శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒక సంస్థ జీపు వచ్చింది.

జీపులోంచి మంజులత అనే మేడం దిగింది. మెత్తని మనిషి. చేతిలో బొమ్మల చార్టులు. పంచాయతీ ఆఫీసులో కుర్చీ మీద ఎల్లయ్య కూచుని ఉన్నాడు. సర్పంచ్ అతని భార్య యాదమ్మ. ఆమె వెనక గదిలో శిక్షణకు వచ్చేవాళ్ళ కోసం వంట చేస్తోంది.

"కాపరులు ఏరండీ?" అని అడిగింది మంజులత.

"ఉన్నరు మేడం. జర తయారైతున్నరు," అన్నాడు ఎల్లయ్య.

తయారు చేయడానికి అతనే బయలుదేరాడు. కాపరి కొత్త గొంగడి వేసుకుని పోతే పాతది ఇంట్లో దండెం మీద ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి అన్నీ దింపించాడు. కాసేపటికి చాయ్ హోటలు సాల్మన్, రేషన్ డీలరు, సెల్‌ఫోన్లు బాగుచేసే అతను, పోస్టు పంచేవాడు, అందరూ గొంగళ్ళు కప్పుకుని వచ్చి వరసగా కూచున్నారు. ఆ ఊళ్ళో అంతమంది కాపరులు ఎప్పుడూ లేరు.

మొగుడి గొంగడి ఎవరి ఒంటి మీదికి చేరిందోనని సోమమ్మ వెతుక్కుంటూ వచ్చింది. సాల్మన్ మీద ఉంది. అతని ముఖం మీద చెమట ధారలు కడుతోంది.

"సోమక్కా, పొయ్యిల కూసున్నట్టుంది. పిడుగు దాక ఎందుకు, గిట్లనే పోత."

"మా ఆయన జన్మంత కప్పుకున్నడు. నీకు గంట గాలే. ఖరాబు జేయకు."

గొంగడి క్షేమంగా ఇంటికి చేర్చుకుందామని ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడింది. అలా నిలబడి విన్నది ఆమె ఒక్కతే. ఉరిమితే చెట్టు కిందికి పోవద్దు. చేతిలో ఇనుము ఉంటే దూరంగా పారేయాలి. మందలో కలిసి నిలబడకూడదు. మడిమలు దగ్గర పెట్టి, చెవులు మూసుకుని, గొంతుకూచోవాలి. పిడుగులు పడబోయే ముందు ఫోన్‌లో బెల్లు మోగుతుంది. ఒక్కో మాట సోమమ్మ మనసులో మేకులా దిగింది.

"ఇలాంటి సంసిద్ధతనే రెసిలియెన్స్ అంటారు," అంది మంజులత. అంటే ఏమిటో తెలుగులో చెప్పబోయి ఆగింది.

"అంటే గట్టిగుండుడు," అన్నాడు ఎల్లయ్య. గొంగళ్ళన్నీ చప్పట్లు కొట్టాయి.

సోమమ్మ చెయ్యెత్తింది. "మేడం, కాపరులు ఊర్ల లేరు గద. గీ మాట వాళ్ళకెట్ల చేరాలె?"

మంజులత ముందున్న వరసల వంక చూసింది. "మరి వీళ్ళు?"

"వీళ్ళు ఉండే కాపరులు మేడం," అన్నాడు ఎల్లయ్య తడుముకోకుండా. "ఆమె అడిగేది పోయే కాపరుల ముచ్చట."

"ఓ, వలస వెళ్ళేవాళ్ళా! అది రెండో దశలో ఉందమ్మా," అని మంజులత ఊపిరి పీల్చుకుంది.

తర్వాత ఆ బెల్లు కోసం కాపరుల ఫోన్ నంబర్లు ఎక్కించారు. ఎక్కించిన నంబరు అక్కడికక్కడే మోగాలి. ఎల్లయ్య ఇచ్చిన జాబితాలో రామచంద్రయ్య పేరు వచ్చింది. ఆ వేళ అతని ఫోన్‌లో చార్జింగ్ లేదు, మోగలేదు. "మొగనిది మోగకుంటే పెండ్లానిది మోగియ్యుండ్రి, ఏం ఫరకు?" అని ఎల్లయ్య సోమమ్మ నంబరు చెప్పాడు. ఆమె చేతిలో బెల్లు మోగింది. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు.

భోజనాలయ్యాక తలా ఒక గొడుగు ఇచ్చారు. ఇనుప చువ్వలు, కొసకు ఇనుప మొన, గుడ్డ మీద సంస్థ పేరు. "ఉరిమినప్పుడు మాత్రం పట్టుకోకండి," అని మంజులత నిజాయితీగా హెచ్చరించింది. వారం తిరగకుండా ఊరి మొదట్లో 'పిడుగుకు సిద్ధమైన గ్రామం' అని బోర్డు లేచింది. పిడుగును లాక్కునే కడ్డీ కూడా ఒకటి మంజూరైంది. ఎక్కువమంది జనం చేరే చోట పెట్టాలన్నారు. ఎల్లయ్య బాగా ఆలోచించి తన మేడ మీద పెట్టించాడు.

ఆనాటి నుంచి ఆత్మకూర్ మీద మబ్బు పట్టినప్పుడల్లా సోమమ్మ ఫోన్ మోగేది. మోగగానే ఆమె రామచంద్రయ్యకు చేసేది.

"ఉరుములొస్తున్నయంట. గొంతుకూసో."

"ఈడ రాళ్ళు పగిలేటట్టు ఎండ గొడ్తాంది. నువ్వు, నీ మబ్బు!"

"నేర్చుకోనన్న నేర్చుకో. మడిమలు దగ్గర పెట్టు, చెవులు మూసుకో."

"రెండు చెవులు మూసుకుంటే ఫోన్ ఎట్ల పట్టుకోవాలెనే?"

వెనకాల మల్లేశ్ నవ్వు వినిపించింది. "అత్తా, మామ కోడి పొదిగినట్టు కూసున్నడు!"

నంబరు మార్పించాలని ఆమె ఎల్లయ్య దగ్గరికి పోయింది. మారిస్తే శిక్షణ మళ్ళీ మొదటి నుంచి చూపించాలన్నాడు. మంజులతకు ఫోన్ చేసింది. ఆమె ఓపికగా విన్నది. "అమ్మా, ఆయన నకిరేకల్‌లో ఉంటే నల్లగొండ జిల్లా కిందికి వస్తారు. మా ప్రాజెక్టు మీ జిల్లా వరకే. మీ ఊరికి వంద శాతం వచ్చేసింది, మీరు నిశ్చింతగా ఉండండి," అంది.

నిశ్చింత ఎక్కడిది? మోగినా మోగకపోయినా రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తూనే ఉంది. రామచంద్రయ్య విసుక్కుంటూనే ఉన్నాడు.

మే మొదట్లో ఒకనాడు ఇక్కడ బెల్లు మోగింది, అక్కడా నిజంగానే మబ్బు పట్టింది. ఆమె ఫోన్ చేసేసరికి అతను చింతచెట్టు కింద ఉన్నాడు. పోరు పడలేక లేచి, ఆకు కోసే కొడవలి గెడను విసిరేసి, దుక్కిలో పోయి కూచున్నాడు. పిడుగు చింతచెట్టు మీదే పడింది.

ఆ సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. పెళ్ళయ్యాక ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు.

"సోమీ, నీ బెల్లు నిజమేనే. ఇగ నేను మబ్బు చూడ. నీ ఫోన్ కోసం చూస్త. బెల్లు మోగితె చెయ్యి, ఉట్టిగ చేసి బ్యాటరీ ఖతం జేయకు."

"అయ్యో, గిది మన ఊరి బెల్లు. ఆడి మబ్బు దీనికి తెల్వదు."

"ఆకాశానికి గూడ మండలాలు ఉంటయా పిచ్చిదానా?"

ఆమెకు ఆ చింతచెట్టు సంగతి తలుచుకుంటే అతని మాటే నిజమేమో అనిపించింది. తన భయానికి మొగుడు విలువ ఇవ్వడం అదే మొదటిసారి. అతను చెప్పినట్టే ఉట్టి ఫోన్లు మానేసింది.

వైశాఖ పున్నమి మరునాడు ఆత్మకూర్ మీద మబ్బు పింజ లేదు. ఫోన్ మోగలేదు. సోమమ్మ చాలా రోజుల తర్వాత గంజి తాగి, అరుగు మీద కొంగు పరుచుకుని నిమ్మళంగా నిద్రపోయింది. సాయంత్రం మల్లేశ్ ఫోన్ చేశాడు. ఏడుపులో మాట తెగిపోతోంది.

"మస్తు మబ్బు పట్టింది అత్తా. మామా, పోయి కూసో అన్న. గొర్రెల నడుమ గెడ పట్టుకుని నిలవడ్డడు. మీ అత్త ఫోన్ చెయ్యలే గదరా అన్నడు..."

మరునాడు దవాఖాన నుంచి ట్రాలీ ఆటోలో తీసుకొచ్చారు. గొంగడిలో చుట్టిన మనిషి 'పిడుగుకు సిద్ధమైన గ్రామం' బోర్డు పక్క నుంచే ఊళ్ళోకి వచ్చాడు. ఎల్లయ్య వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. అతనికీ బాధగానే ఉంది.

"ఈడ పడుంటే ఏదన్న జేస్తుంటిమి సోమక్కా. అది నల్లగొండ ఆకాశం."

ఆ ఏడాది శిక్షణ పొందిన ఊరిలో పిడుగు మరణాలు లేవని సంస్థ పుస్తకంలో వేశారు. గొంగళ్ళు కప్పుకున్న కాపరుల ఫొటో అట్ట మీద వచ్చింది. ముందు వరసలో రామచంద్రయ్య గొంగడిలో సాల్మన్ ఉన్నాడు. సోమమ్మ ఫోన్ మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా ఇప్పటికీ మోగుతుంది. మోగగానే ఆమె లేచి నిలబడుతుంది.

మృగశిర కార్తెలో మంద తిరిగొచ్చింది. మల్లేశ్ వచ్చాడు, కుక్క వచ్చింది. ముల్లె కూడా వచ్చింది. పసుపు పొట్లం విప్పనే లేదు. మందతో పోయిన రామచంద్రయ్య మందతో తిరిగి రాలేదు. 2022 మే పదిహేడు, మంగళవారం మధ్యాహ్నం, నకిరేకల్ దగ్గర కోసిన వరి పొలంలో పిడుగు పడి చనిపోయాడు.