గుమ్మంలో బూడిద

మా మామగారు మందులు చేసేవారు. ఆకులూ వేళ్లూ మరిగించే మందులు కావు, భస్మాలు. తగరాన్ని కరిగించి, పొడి చేసి, ఆకుపసరు పోసి నూరి, బిళ్ళలు కట్టి, వాటిని రెండు మట్టి మూకుళ్ల మధ్య పెట్టి, అంచుల చుట్టూ బంకమట్టి పూసిన గుడ్డ చుట్టి, పెరటి గోతిలో పిడకల మధ్య కాల్చేవారు. అలా ఒకసారి కాలిస్తే ఒక పుటం. మర్నాడు మూకుళ్లు విప్పి, మళ్లీ నూరి, మళ్లీ కాల్చాలి. మామూలు మందుకు ఏడు పుటాలు చాలు. నేను కాపరానికి వచ్చిన రెండో ఏడు ఆయన నలభై పుటాల మందుకు పూనుకున్నారు.

నలభైసార్లు కాలిన తగరం చిటికెడు వేస్తే రాగి బంగారమవుతుందని ఆయన గురువు చెప్పాడట. మామగారు దాన్ని నమ్మారో లేదో నాకు తెలియదు. "బంగారం సంగతి దేవుడెరుగు. నీళ్ల మీద వేస్తే తేలాలి. దాని మీద బియ్యపుగింజ పెడితే గింజనీ మొయ్యాలి. అప్పుడే అది మందు. మునిగిందంటే ఉత్త బూడిద" అనేవారు. అంతవరకు ఆయన చేసిన ఏ భస్మమూ గింజను మోయలేదు.

ఆ పనికి మూడు కట్టుబాట్లు ఉండేవి. మొదటి పుటానికి నిప్పు పెట్టిన చెయ్యే చివరి పుటానికీ పెట్టాలి. ఆ మనిషి మందు పూర్తయ్యేదాకా గడప దాటకూడదు. గోతిలో బూడిద కూడా గడప దాటకూడదు, దాటితే మందులోని సత్తువ దాని వెంటే పోతుంది. మా అత్తగారు ఉన్న రోజుల్లో నిప్పు ఆవిడ పెట్టేది. ఆవిడ పోయాక అది నా వంతుకు వచ్చింది. మొదటి రోజు అగ్గిపెట్టె నా చేతికిచ్చినప్పుడు ఈ కట్టుబాట్ల మాట చెప్పలేదు. వెలిగించాక చెప్పారు.

గోతిలోంచి రోజుకు రెండు బుట్టల బూడిద వచ్చేది. పారబోయకూడదు గనక గోనెసంచుల్లోకి ఎత్తేదాన్ని. పదిహేనో రోజుకు మంచం కింద నిండింది. ఇరవై అయిదో రోజుకు వంటగదిలో ఒక మనిషి పక్కవాటుగా నడిచేంత దారి మిగిలింది. తలుపు కదిలితే చాలు సన్నగా లేచి, తాగే నీళ్ల మీదా దిండ్ల మీదా కనురెప్పల మీదా వాలేది. "మనింట్లో ఎవరు ముసలో ఎవరు పడుచో తెలీటం లేదు" అని మా ఆయన తల దులుపుకునేవాడు.

రోజూ పొద్దున్నే మామగారు పలచటి గుడ్డ కట్టిన జల్లెడతో బూడిద పట్టి, గడప లోపలి అంచు మొదలుకొని అయిదడుగుల మేర పరిచేవారు. ఈగ వాలినా గుర్తు పడేంత నున్నగా ఉండేది. మా ఆయనవి కొంగ కాళ్లు. ఒక్క గెంతుతో గడప మీద వాలి బజారుకు పోయేవాడు. నేను పొట్టిదాన్ని. రోగులు కిటికీ దగ్గరికే వచ్చి మందు పట్టుకుపోయేవారు. మామగారూ గడప దాటలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. కాకపోతే ఆయనకు బయట ఎవరూ లేరు. నాకు అక్క ఉంది.

అక్క మాకు ఎనిమిది వీధుల అవతల, వరసగా కట్టిన ఒంటిగది ఇళ్లలో ఉండేది. నాకంటే అయిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నన్ను బుడంకాయ అనేది. తన ఎడమ కాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉండేది. చిన్నప్పుడు రోకలి పడి విరిగి, అలాగే అతుక్కుంది. తడి కాళ్లతో నడిస్తే నేల మీద నాలుగు వేళ్లే పడేవి. "లెక్కరాని కాలు" అని ఏడిపించేదాన్ని.

మా నాన్న ఇల్లు విడిచి పోయేవాడు, వచ్చేవాడు. మూడుసార్లు అయింది. నాలుగోసారి వస్తున్నాడని తెలిసి అమ్మ పొయ్యిలో బూడిద తెచ్చి గుమ్మం పొడవునా పోసింది. బూడిద పోసిన గుమ్మంలో కాలు పెట్టలేడని ఎవరో చెప్పారట. నాన్న వచ్చి, దాన్ని చూసి, సాయంత్రం దాకా వీధిలోనే నిలబడి వెళ్లిపోయాడు. అక్కా నేనూ కిటికీలోంచి చూశాం. మళ్లీ రాలేదు.

ముప్ఫయ్యయిదో పుటం నాడు, మంగళవారం, మా ఆయన కబురు తెచ్చాడు. బావకు ఎక్కడో గనిలో పని దొరికింది. మూడు రోజుల రైలు ప్రయాణం. శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటి బండికి పిల్లలతో సహా వెళ్లిపోతున్నారు.

నేను మందు నూరే కల్వం దగ్గర కూర్చున్న మామగారి ముందుకు వెళ్లాను.

"ఒక్క గంట మామగారూ. చూసి వచ్చేస్తాను."

"ఇంకెన్ని పుటాలమ్మా?"

"అయిదు."

"అయిదు రోజులాగి వెళ్లు."

"అప్పటికి అక్క ఉండదు."

"రైలుకి తిరుగు రైలుంటుంది. ఈ ముప్ఫయ్యయిదు పుటాలకి తిరుగు లేదు. డెబ్భై దాటినవాణ్ని, మళ్లీ మొదలెట్టి నలభై చేసే ఓపిక నాకుందంటావా? నువ్వే చెప్పు."

కసిరి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. ఆయన పసరుతో పచ్చబడిన చేతులు నాకు చూపిస్తూ అడిగారు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయన్ని పట్టుకున్నాను.

"మీరు ఒక్క మాట చెప్పరాదూ?"

"చెప్తాలే, సమయం చూసి."

"సమయం కనబడాలంటే మీకు దుర్భిణి తెచ్చిపెట్టాలా?"

"మెల్లిగా. నాన్న వింటాడు."

"వినాలనే."

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఇక లాభం లేదనుకుని, "సరే, అక్కనే రమ్మని చెప్పండి. గురువారం రమ్మనండి. చెల్లెలు బెంగపెట్టుకుందని చెప్పండి" అన్నాను. బుధవారం చెప్పి వచ్చాడు. చెప్పమన్నది చెప్పాడు. గుమ్మంలో బూడిద ఉంటుందనీ, అది నిన్ను ఉద్దేశించి కాదనీ చెప్పమనలేదు నేను. నెల పైబడి రోజూ చూసీ చూసీ నా కంటికి అది నేలలాగే అయిపోయింది. ఆ మరుపు నాది. ఇంకెవరి మీదా తొయ్యలేను.

గురువారం పొద్దున్న నుంచీ కిటికీ వదల్లేదు. మధ్యాహ్నం మామగారు పిలిస్తే పెరట్లోకి వెళ్లి, గోతిలో పిడకలు పేర్చి, మూకుళ్లు దించి, పైన మళ్లీ పేర్చి వచ్చాను. గంట పట్టి ఉంటుంది. తిరిగి వచ్చేసరికి మామగారు గుమ్మం దగ్గర వంగి చూస్తున్నారు.

"కాలు పెట్టావా?"

"లేదు."

"మరిదేమిటి?"

గడపను ఆనుకుని ఒక్కటే అడుగు. ఎడమ కాలు. మడమ గడప వైపు, వేళ్లు ఇంటి లోపలికి. నాలుగే వేళ్లు.

"ఇది బయటికి వెళ్లిన కాలు కాదు మామగారూ, లోపలికి రాబోయిన కాలు" అన్నాను.

"ఎవరిదైతేనేం, ఎంత బూడిద అంటుకుపోయిందో ఏమో" అని గొణుక్కుంటూ ఆయన జల్లెడ అందుకున్నారు. ఆగమని అనబోయాను. అంతలోనే రెండుసార్లు తట్టారు. అడుగు పూడిపోయింది.

ఎదురింట్లో కుట్టుమిషను ఆవిడ తొక్కడం ఆపి నన్ను పిలిచింది. వీధి ఇరుకు, కిటికీలోంచి కిటికీలోకి మాట్లాడుకునేవాళ్లం.

"ఏమ్మాయ్, మీ అక్క వస్తే లోపలికి రానివ్వలేదేం?"

"వచ్చిందా? ఎప్పుడొచ్చింది? పిలిచిందా?"

"ఎందుకు పిలవదూ, రెండుసార్లు పిలిచింది. మీ పెరట్లో దబదబలు నాకే వినబడుతుంటే ఆ గొంతు నీకెక్కడ వినబడుతుంది? గుమ్మంలో బూడిద చూసి అలా నిలబడిపోయింది. ఒక కాలు పెట్టింది, మళ్లీ తీసేసుకుంది. నా దగ్గరికొచ్చి, 'ఇది ఎప్పుడు పోశారండీ' అంది. ఇవాళ పొద్దున్నే పోశారు అన్నాను. నిజమేగా?"

"తర్వాత?"

"'నేను వస్తానని తెలిసే పోసిందన్నమాట' అంది. కొంగుతో కాలు తుడుచుకుని పోయింది. నాకేం తెలుసమ్మా మీ అక్కచెల్లెళ్ల గొడవలు."

ఆ సాయంత్రం ముప్ఫయ్యేడో పుటానికి నిప్పు పెట్టాను. ఎలా పెట్టానో గుర్తు లేదు. నాన్న వీధిలో నిలబడ్డ తీరే కళ్ల ముందు ఉంది. అక్కను చూడలేకపోయానన్నది కాదు నా బాధ, నేను బతిమాలి పిలిపించి మరీ గుమ్మంలో బూడిద పోయించాననుకుని వెళ్లిపోతుంది. ఎక్కడికి? ఆ ఊరి పేరైనా మా ఆయన సరిగ్గా విని రాలేదు. అక్కకూ నాకూ చదువు రాదు. ఉత్తరం మాట కల్ల.

శుక్రవారం పొద్దున్న గోయి తొందరగా చల్లారలేదు. ఎప్పుడూ అంతే, తొందరున్న రోజే నిప్పు నిదానంగా ఆరుతుంది. మూకుళ్లు విప్పి, భస్మం కల్వంలో వేసి మామగారికి ఇచ్చాను. నూరడం మొదలుపెడితే రెండు గంటలు ఆయన చెయ్యి ఆపరు, తల ఎత్తరు. మా ఆయన అప్పటికే బయటికి పోయాడు. వసారాలో కల్వం గరగరలాడుతుండగా నేను గుమ్మం దగ్గరికి వచ్చాను. గెంతాలని చూడలేదు. మామూలుగా నడిచాను. మూడు అడుగులు, గడప, వీధి.

ఎండకు కళ్లు మూతలు పడ్డాయి. ముప్ఫయ్యేడు రోజులు నడక మరిచిన కాళ్లు. నాలుగో వీధిలో ఉండగా మిల్లు కూత కూసింది. తొమ్మిది.

అక్క గది తలుపు తీసే ఉంది. లోపల ఏమీ లేదు. గోడకు మేకులు, నేల మీద పెట్టె ఈడ్చిన గీతలు, మూలన పొయ్యి. నేను పొయ్యి ముందు కూర్చున్నాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. పైపొర చల్లగా ఉంది. వేలు రెండో కణుపు దాకా దించితే గోరువెచ్చన. అడుగున చురుక్కుమంది. పుల్లల పొయ్యి, ఆర్పి రెండు గంటలు. అంటే ఏడింటికే బయలుదేరారు. స్టేషను అరగంట దూరం. హాయిగా అందుకుని ఉంటారు.

బూడిదను నమ్మాను. స్టేషనుకు వెళ్లలేదు.

గుప్పెడు బూడిద కొంగున మూట కట్టుకుని ఇంటికి వచ్చాను. కల్వం ఇంకా గరగరలాడుతూనే ఉంది. నా అడుగులు వెళ్లినవి మూడు, వచ్చినవి మూడు. జల్లెడ అందుకుని, అక్క పొయ్యిలో బూడిద అందులో పోసి, మెల్లగా తట్టాను. అది కాస్త నల్లగా ఉంది. పైన మా బూడిద ఇంకాస్త పట్టాను. ఎవరూ నడవని గుమ్మంలా అయింది.

సాయంత్రం మా ఆయన గెంతి లోపలికి వచ్చాడు.

"మీ అక్కావాళ్లని రైలెక్కించి వచ్చాను" అన్నాడు, నేను సంతోషిస్తాననుకుని.

"మీరు వెళ్లారా? మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వూ వస్తానంటావని. పొద్దున్నే పోయాను. ఆ బండి సంగతి అడక్కు, ఎక్కడో ఇంజను చెడిపోయిందట, పన్నెండింటికొచ్చింది. పిల్లలు ఆకలని ఒకటే గోల."

"పన్నెండుదాకా అక్కడే ఉందా?"

"ఎక్కడికి పోతుంది? పెట్టె మీద కూర్చుని గేటు వైపే చూస్తూ ఉంది. 'ఎవరి కోసం వదినా' అన్నాను. 'ఎవరి కోసమూ కాదు' అంది."

"గుమ్మంలో బూడిద మందు కోసమేనని చెప్పారా?"

"ఏ బూడిద?" అన్నాడు.

మిగిలిన మూడు పుటాలూ నేనే ముట్టించాను. ఆ మూడు రోజులూ నా కోరిక ఒక్కటే. మందు మునగాలి. నేను గడప దాటాను, బూడిద కాళ్లకు అంటించుకుని ఎనిమిది వీధులు తిరిగాను, పరాయి పొయ్యి బూడిద ఇంట్లోకి తెచ్చాను. కట్టుబాట్లలో ఏ కాస్త నిజమున్నా అది మునిగి తీరాలి. మునిగితే, మంగళవారం నన్ను ఆపడానికి ఒక కారణం ఉన్నట్టే. ముసలాయన ఏడ్చినా సరే, మునగాలి.

సోమవారం ఉదయం మామగారు కంచు గిన్నెలో నీళ్లు పోశారు. నీళ్లు కదలకుండా నిలబడేదాకా ఆగి, చిటికెడు భస్మం పైన వదిలారు. పలచటి మీగడలా పరుచుకుంది. మామగారు ఒక్క బియ్యపుగింజ తీసి దాని మీద పెట్టారు.

గింజ తేలింది.

ఆయన చాలాసేపు చూశారు. కళ్లు తుడుచుకున్నారు. "అమ్మాయ్, ఇది నీ నిష్ఠ. నీ స్థానంలో ఇంకెవరున్నా నిలబడేవారు కాదు" అన్నారు.

"నేను శుక్రవారం వెళ్లొచ్చాను మామగారూ."

మా ఆయన నా చెయ్యి గిల్లాడు.

"ఎక్కడికి?"

"అక్క ఇంటికి. బూడిద తొక్కుకుంటూనే వెళ్లాను. అక్క లేదు. వాళ్ల పొయ్యి బూడిద తెచ్చి నా అడుగుల మీద నేనే జల్లెడ పట్టాను. మీరు రోజూ నున్నగా చేసుకుంటున్నది దాన్నే."

ఆయన గిన్నెలోకి చూశారు, గుమ్మం వైపు చూశారు, మళ్లీ గిన్నెలోకి చూశారు. గింజ ఇంకా తేలుతూనే ఉంది. కోప్పడతారనుకున్నాను. కోప్పడడానికి మందు చెడలేదు. "మా ఆవిడ కూడా ఒకసారి అడిగింది" అన్నారు చివరికి. "వాళ్ల నాన్న పోయినప్పుడు." లేచి వెళ్లి పెరట్లో కూర్చున్నారు.

ఆ సంచులన్నీ మా ఆయన రెండు రోజులపాటు బయటికి మోశాడు. మామగారు ఆ తర్వాత ఇంకో మూడేళ్లు మందులు చేశారు. గుమ్మంలో బూడిద మాత్రం పరవలేదు. నన్నెక్కడికీ వెళ్లవద్దనలేదు. బజారుకు వెళ్లేదాన్ని, మిల్లు దాకా నడిచి తిరిగి వచ్చేదాన్ని. పొట్లాలు కట్టే పాత కాగితాల మీద ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. గనులున్న ఊళ్ల పేర్లు ఎక్కడ కనబడినా రాసుకుని ఉత్తరాలు వేశాను. కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని తిరిగి కూడా రాలేదు. అక్క ఏమైందో ఈనాటికీ తెలియదు.

ఇల్లు దాటేటప్పుడు మాత్రం గడప ముందు ఆగి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, అందినంత దూరం అడుగు వేసేదాన్ని. ఆ గెంతుకు నేను చాలను, గడప ఇవతలే పడేదాన్ని.

"అక్కడ ఏమీ లేదుగా, ఎందుకలా దూకుతావ్?" అనేవాడు మా ఆయన.

"ఏమో, అలవాటు" అని, వంగి, అక్క అడుగు పడ్డ చోట నేలను చేత్తో నిమిరి, బయటికి నడిచేదాన్ని.