ఎస్తేరుకి మోడల్ పేపరు

మోడల్ పేపరు దొరకాలే గానీ గట్టెక్కలేని పరీక్షంటూ ఈ లోకంలో లేదని కృపానిధి మాస్టారి నమ్మకం. ఆమదాలవలసలో ఆయన కోచింగ్ సెంటరు నడిచేదే దానిమీద. నవోదయకీ సైనిక్ స్కూలుకీ సరే, చర్చిలో పెట్టే బైబిల్ క్విజ్‌కి కూడా ఆయన దగ్గర బిట్లున్నాయి.

అందుకే, రాష్ట్రం విడిపోయిన ఏడాది, తొమ్మిదేళ్ల కూతురు ఎస్తేరు బళ్లో కుదురుగా కూర్చోవడం లేదనీ, సగం లెక్క చేసి కిటికీలోంచి రైలు పెట్టెలు లెక్కపెడుతోందనీ, ఏడీహెచ్‌డీ ఉందేమో విజయనగరం డాక్టరుకి చూపించమనీ హెడ్మిస్ట్రెస్ చెప్పినప్పుడు ఆయన బెంగపడలేదు. ఆసుపత్రి నుంచి ప్రశ్నల ఫారాలు ముందే తెప్పించాడు.

"సీట్లోంచి మాటిమాటికీ లేస్తావా? ఇది ఇంపార్టెంటు. ఏటి సెప్పాలి?"

"లేవను నాన్నా."

"వస్తువులు పారేసుకుంటావా?"

"లేదు నాన్నా" అంది ఎస్తేరు. రెండో కాలి చెప్పు ఎక్కడుందో ఆ పిల్లకే తెలీదు.

పది రోజులు శిక్షణ సాగింది. గడియారం ఎదురుగా గంటసేపు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కదిలితే స్కేలు దెబ్బ.

"పిల్లకి ఏటయిందో తెలుసుకోడానికి ఎల్తన్నాం గానీ, రేంకు కోసం ఎల్తన్నామేటండీ?" అని భార్య జ్ఞానసుందరి మొత్తుకుంది. ఆయన వినలేదు. ఇంటివాళ్ల ఫారంలో వరసగా సున్నాలు పెట్టాడు. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదని. బడివాళ్ల ఫారం నింపాల్సిన టీచరమ్మ ఆయన పాత శిష్యురాలే. గురువుగారి మాట కాదనలేక ఆవిడా సున్నాలే పెట్టింది.

విజయనగరంలో డాక్టర్ అనూరాధ ఎస్తేరు ఎప్పుడు నడిచిందో, ఎలా నిద్రపోతుందో తల్లిని అడిగింది. చూపు, వినికిడి చూసింది. పిల్లతో కబుర్లాడింది, బొమ్మలిచ్చింది. ఎస్తేరు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని, "లేదు మేడమ్" అని అన్నిటికీ అప్పజెప్పింది. జ్ఞానసుందరి ఏదో అనబోతే మాస్టారు గుడ్లురిమాడు.

"ఇంట్లో సున్నాలు, బళ్లో సున్నాలు. ఇక్కడా కదల్లేదు. ఇవే నిజమైతే పాపకేమీ లేదనే రాయాలి" అంది డాక్టరు అనుమానంగా. "కాసేపు బయట కూర్చోండి."

మాస్టారు ఛాతీ విరుచుకుని బయటికొచ్చాడు. ఎస్తేరు బల్లమీద చతికిలబడి పిడికిళ్లు విప్పింది. అరచేతుల్లో గోళ్లు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"నాను పాసయ్యానా నాన్నా?"

"ఫస్టు క్లాసు!"

"అయితే రేపట్నించీ రోజూ ఇలగే కూకోవాలా?" పిల్ల ఏడుపు అందుకుంది. "నాకు రాదు నాన్నా. ఎంత ఆపినా ఆగదు. నువ్వు కొడతావని ఆపేను."

ఇరవై ఏళ్లలో మాస్టారు ఎందర్నో పాస్ చేయించాడు గానీ, పాసై ఏడ్చిన పిల్లని చూడటం ఇదే మొదలు. ఆ స్కేలు పట్టిన చెయ్యి నరుక్కోవాలనిపించింది.

తలుపు తోసుకుని లోపలికెళ్లాడు. వెనకే జ్ఞానసుందరి.

"డాక్టరుగారూ, ఆ రిపోర్టు రాయకండి. పేపరు లీకైంది. లీకు సేసింది నానే."

డాక్టరు కొత్త ఫారం ముందుకు జరిపింది. "దీన్లో మంచి మార్కులూ చెడ్డ మార్కులూ ఉండవు మాస్టారూ. ఉన్నది రాయండి, చాలు."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. జ్ఞానసుందరి దాన్ని లాక్కుంది.

"ఇటివ్వండి. అలవాటు సొప్పున మళ్లీ సున్నాలెట్టీగలరు."